శిక్ష లేకపోయినా వణకాలా?

పోయిన వీడియోలో ఫిలిప్పీయులకు 2:12 వివరిస్తూ, అక్కడ భయం, వణకు అంటే గౌరవమేనని తేలిగ్గా దాటేశాను. తర్వాత నా మనసు ఒప్పుకోలేదు.

గ్రీకులో అక్కడున్న మాట త్రోమోస్. కొత్త నిబంధనలో ఐదుసార్లే కనబడుతుంది. అది మర్యాద కాదండీ, ఒంట్లో పుట్టే వణుకే. యాకోబు 2:19లో దయ్యాలు వణకడం గురించి చెప్పినచోట మాట వేరు, ఫ్రిస్సో. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం దాని మూలార్థం. తెలుగులో రెండుచోట్లా వణకడమే గనుక ఈ తేడా మనకి కనబడదు.

త్రోమోస్‌కి సంబంధించిన క్రియ మార్కు 5:33లో ఉంది. 12 ఏళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ వణకుతూ యేసు ముందు సాగిలపడింది. నన్ను ఆపింది ఏంటంటే, అప్పటికే ఆమె బాగుపడిపోయింది! తనకేం జరిగిందో తెలిసే వణికిందని మార్కు రాశాడు. లేవీయకాండము 15 ప్రకారం ఆమె అపవిత్రురాలు, అయినా జనంలోకి వచ్చింది. నలుగురిలో సిగ్గుపోతుందన్న భయం ఉండే ఉంటుంది. కానీ అంతే అయితే వెళ్ళిపోయేదిగా? మార్కు 16:8లో సమాధి దగ్గర స్త్రీలకి త్రోమోస్ పట్టుకుంటే పారిపోయారు. ఈమె మాత్రం ఎదురొచ్చి నిజమంతా చెప్పేసింది.

సంపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్ళగొడుతుందని 1 యోహాను 4:18లో ఉంది కదా అంటారేమో. నిజమే. అయితే యోహాను అక్కడ మాట్లాడేది శిక్షతో ముడిపడిన భయం గురించి. శిక్ష సంగతే లేనిచోట వచ్చే వణుకు ఇంకొకటి ఉందని నాకు అనుభవం.

యవనస్థుల కూటానికి లెక్కలు రాసే రోజుల్లో కానుక డబ్బులో 4,000 రూపాయలు సొంతానికి వాడుకున్నాను. రెండు నెలల్లో తిరిగి పెట్టేశాను. లెక్క సరిపోయింది, ఎవరికీ తెలీదు. అయినా సంఘ పెద్ద ఒకాయన దగ్గర కూర్చుని చెప్పబోతే కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆయనేం చేస్తాడోనని కాదు. చిన్నప్పట్నుంచి నన్ను "నాయనా" అని పిలిచే మనిషి, ఇక ఆ పిలుపు ఉండదేమోనని. ఆ స్త్రీ కూడా ఇలాంటిదానికే వణికిందేమో, నాకలా అనిపిస్తుంది. యేసు ఆమెని "కుమారీ" అని పిలిచింది ఆమె నిజం చెప్పిన తర్వాతే.

నేను చెప్పడం అయ్యాక ఆయన చాలాసేపు నేలకేసి చూస్తూ ఉండిపోయారు. తర్వాత అన్నారు, "లెక్కల పుస్తకం రేపు తెచ్చి ఇచ్చెయ్యి, నాయనా."