ఆకు పోయేవాడు, కాయ పోయేవాడు

నాకు పురుగుల మీద జాలి ఎక్కువ. ఇంట్లో అందరూ ఒప్పుకునే మాటే. ఈ మధ్య ఆ జాలిని నేనే ప్రశ్నించుకోవడం మొదలుపెట్టాను. అది ఎక్కడ పుట్టింది? ఎవరి సొమ్ము మీద నిలబడింది? పెరట్లో తిరిగే చిమ్మటల వల్లే ఈ ప్రశ్నలు వచ్చాయి. ఎందుకంటే ఒకే రెక్కల పురుగు నాకు చుట్టం, మా తమ్ముడికి శత్రువు.

చుట్టాల సంగతి ముందు చెప్తాను. సందె చీకటి పడుతుండగా మా రాధామనోహరం తీగ దగ్గరికి పెద్ద చిమ్మటలు వస్తాయి. పువ్వు మీద వాలవు. గాలిలో ఒకేచోట నిలిచి, చుట్టి పెట్టుకున్న తొండాన్ని విప్పి, పువ్వు పొడవాటి గొట్టంలోకి దించుతాయి. రెక్కలు కనిపించవు, అవి ఆడుతున్న మసక మాత్రం కనిపిస్తుంది. ఆ సాయంత్రం విచ్చిన పువ్వు తెల్లగా ఉంటుంది. మర్నాడు గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. చీకట్లో వచ్చేవాటికి తెలుపే ఆనవాలు. పందిరి మీది సొర పువ్వు, అంచులకు దారాలు వేలాడే పొట్ల పువ్వు కూడా తెల్లనివే, పొద్దు వాలాకే విచ్చుకుంటాయి. తేనెటీగలు గూటికి చేరాక ఆ పూల మధ్య పుప్పొడి మోసేవాటిలో ఈ చిమ్మటలు ముఖ్యమైనవి. వాటిని చూస్తూ నిలబడితే నాకు పొద్దు తెలియదు.

మా గోడ మీద తిప్పతీగ కూడా ఉంది. కరోనా రోజుల్లో కషాయం కోసం ఎన్నో ఇళ్లకు చేరినట్టే మా ఇంటికీ చేరింది. వానలు పడ్డాక దాని ఆకుల మీద ముదురు రంగు పురుగొకటి కనిపిస్తుంది. ఒంటి మీద బొచ్చు ఉండదు. పక్కలకు కళ్లలాంటి గుండ్రటి మచ్చలుంటాయి. తాకబోతే తల కిందికి ముడిచి, వెనక భాగం పైకెత్తి, ఆ లేని కళ్లతో మనవైపే చూస్తున్నట్టు ఉండిపోతుంది. పిట్టలను బెదిరించడానికి అదే దాని ఉపాయం. నేను దాన్ని తీసేయను. తినాల్సినంత తిని, ఆకులను దగ్గరికి అల్లుకుని, లోపల కోశంగా మారుతుంది. బయటికి వచ్చిన చిమ్మట ముందు రెక్కలు ముడుచుకుంటే అచ్చం ఎండుటాకు. విప్పితే కింద నారింజ రంగు, దాని మీద నల్ల మచ్చ.

ఆ అందమైన ప్రాణే నల్లగొండ జిల్లాలో మా తమ్ముడి బత్తాయి తోటకు చేటు. రైతులు దాన్ని రసం పీల్చే రెక్కల పురుగు అంటారు. చాలా పంటల్లో ఆకునో కాయనో తినేది పిల్ల పురుగు. పెద్దదై రెక్కలొచ్చాక తేనె తాగి బతుకుతుంది. ఇక్కడ లెక్క తిరగబడింది. దీని తొండం గట్టిది, కొనకు ముళ్లుంటాయి. వానాకాలం చివర కాయ పక్వానికి వచ్చే రోజుల్లో రాత్రిపూట వచ్చి, తొక్కను పొడిచి రసం పీలుస్తుంది. పడేది సూది బెజ్జమంత చిల్లు. అందులోంచి బూజు, కుళ్లు లోపలికి చేరతాయి. చుట్టూ మెత్తబడి కాయ రాలిపోతుంది. తెల్లారి చెట్టు కింద పడిన కాయను తమ్ముడు నా ముందు ఒత్తి చూపించాడు. ఆ చిల్లులోంచి రసం చిమ్మింది.

"నీకు ఆకు పోతది అన్నా, నాకు కాయ పోతది" అన్నాడు.

అంతకు మించి అతను ఏమీ అనలేదు, అక్కర్లేదు కూడా. నాకు జీతం నెలనెలా వస్తుంది. ఏ చిమ్మటా దాన్ని పొడవలేదు. నా జాలి ఆ భద్రత మీద నిలబడింది. 1997-98లో వరంగల్ ప్రాంతంలో పొగాకు లద్దెపురుగు పత్తిని తినేసింది. మందు మీద మందు కొట్టినా చావలేదు. అప్పుల్లో మునిగిన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. రెక్కలొచ్చాక ఆ లద్దెపురుగూ చిమ్మటే. ఆ ఇళ్ల ముందు నిలబడి పురుగుకూ బతికే హక్కుందని చెప్పే నోరు నాకు లేదు.

అయితే తమ్ముడు పనిచేసే తీరు గమనించాక ఇంకో సంగతి తెలిసింది. అతను రెక్కలున్న ప్రతిదాన్నీ చంపడు. తోట గట్ల మీద తిప్పతీగ, దూసరితీగ మొలిస్తే పీకేస్తాడు, పిల్ల పురుగు పెరిగేది వాటి మీదే కాబట్టి. సాయంత్రాలు పొగ పెడతాడు. బెల్లం నీళ్లలో మందు కలిపి చెట్లకు ఎర గిన్నెలు కడతాడు. పత్తి వేసే పక్క రైతు లింగాకర్షక బుట్టలు పెట్టి, వాటిలో పడిన మగ పురుగులను లెక్కపెట్టాకే మందు సంగతి ఆలోచిస్తాడు. ఏ పురుగు, ఏ నెలలో, ఏ కాయ మీద అన్నది వాళ్లకు తెలుసు. వాళ్ల పగకు గుర్తుపట్టే కన్ను ఉంది. నా జాలికి అది లేదు. అది అందంగా ఉన్నదాన్నల్లా క్షమించింది, దానికి పేరేమిటో, అది ఎక్కడికి ఎగిరిపోతుందో అడగలేదు.

కాబట్టి ఇప్పుడు అడుగుతున్నాను. చుట్టుపక్కల బత్తాయి తోటల్లేని ఈ నగరంలో మా తిప్పతీగను అలాగే ఉంచుతాను. తోటలున్న ఊళ్లవాళ్లు అడిగితే మాత్రం కొమ్మ ఇవ్వను. వంగలో కాయ తొలిచే పురుగు కనిపిస్తే ఆ కొమ్మ తుంచేస్తాను, పాదులన్నిటికీ మందు కొట్టను. రాత్రి వరండా దీపం ఆర్పేస్తాను. పురుగులు దీపాన్ని మోహించి రావని, చీకట్లో వెలుగువైపు వీపు పెట్టి ఎగిరే అలవాటు వల్ల బల్బు చుట్టూ చిక్కుకుపోతాయని 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. దీపం ఆర్పే దయకయ్యే ఖర్చు నాదే, ఇంకొకరి కాయ కాదు.

పెరడున్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. చంపే ముందూ, వదిలేసే ముందూ అది ఏ పురుగో తెలుసుకోండి. తెలియకుండా చంపడం ఎంత అన్యాయమో, తెలియకుండా క్షమించడమూ అంతే.