ఏనుగును తూచిన గీత



1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమన్నది ఒకటి. మనమూ ఆ మాట పలికాం. అది చాలా బరువైన మాట. మన నడత దానికి సరితూగుతోందా? ఏ తక్కెడలో వేసి తూస్తాం?

క్రీ.శ. 5వ శతాబ్దంలో చైనా భాషలోకి వెళ్ళిన బౌద్ధ కథల్లో ఒకటి దీనికి దారి చూపిస్తుంది. ఒక దేశంలో ముసలివాళ్ళను వెళ్ళగొట్టే ఆచారం ఉండేది. ఒక మంత్రి మాత్రం తన తండ్రిని నేలమాళిగలో దాచుకున్నాడు. ఒకనాడు ఒక దేవత వచ్చి రాజును అడిగింది: "ఈ తెల్ల ఏనుగు బరువెంత?" దేవత సంగతి పక్కన పెట్టండి, ప్రశ్న చూడండి. అంత పెద్ద తక్కెడ ఎక్కడుంది? సభలో ఎవరికీ తోచలేదు.

దాగి ఉన్న ఆ ముసలాయనే ఉపాయం చెప్పాడు. ఏనుగును పడవ ఎక్కించు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పడవ మీద గీత పెట్టు. ఏనుగును దించి, మళ్ళీ ఆ గీత దాకా మునిగేటట్టు రాళ్ళు వెయ్యి. రాళ్ళను విడివిడిగా తూచి కూడుకో. పడవ తన బరువుకూ, మోసే బరువుకూ సరిపడా నీటిని పక్కకు నెడుతుంది. కాబట్టి గీత ఒకటైతే బరువూ ఒకటే. పనికిరాడని వెలివేసినవాడి దగ్గరే జవాబు దొరికింది. రాజు ఆ ఆచారాన్ని ఎత్తేశాడు.

కిటుకంతా గీతలోనే ఉంది. ఏనుగుకు ఒక గీత, రాళ్ళకు ఇంకో గీత పెడితే లెక్క తప్పుతుంది. మనుస్మృతి చేసింది అదే: నేరం ఒకటే, శిక్ష మాత్రం వర్ణాన్ని బట్టి. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో దాన్ని తగలబెట్టారు.

మన ప్రతిజ్ఞే మన ఏనుగు. అది ఎక్కిన రోజే మన బతుకు పడవ మీద గీత పడింది. ఇక వెయ్యాల్సినవి రాళ్ళు. అవి మన ఇంట్లోనే ఉన్నాయి. సంబంధం చూసేటప్పుడు ఉపకులం అడగకుండా ఉన్నామా? మాల ఇంట్లో మాదిగ, మాదిగ ఇంట్లో మాల కూర్చుని అన్నం తిన్నారా? కొడుకు చదువుకు చేసే అప్పు కూతురి చదువుకూ చేస్తామా? మన వీధి ఊడ్చే మనిషిని 'మీరు' అని పిలుస్తున్నామా?

ఒక్కో రాయి చిన్నదే. అయినా వేసిన కొద్దీ పడవ దిగుతుంది. నీళ్ళు గీతను అందుకోలేదంటే ఇంకా రాళ్ళు కావాలని అర్థం. అంతేగానీ గీతను చెరిపి కిందికి జరపకూడదు.

భవతు సబ్బ మంగళం.