మంటకు ముందటి దానము

చెన్నపట్నములోని చూలై పేటకు ఆ పేరు ఇటుక బట్టీలవలన వచ్చినదని చెప్పుదురు. అరవమున 'చూళై' యనగా బట్టీ. నిప్పును నాలుగు గోడల నడుమ అదుపున నుంచి, మట్టిని ఇల్లు కట్టుటకు పనికివచ్చు ఇటుకగా మార్చిన తావది. బట్టీలు ఏనాడో పోయినవి. నేడచ్చట ఇండ్లు, అంగళ్లు, గిడ్డంగులు, మందిరములు ఒకదానినొకటి ఆనుకొని యున్నవి. అదుపున నున్న నిప్పు మేలు చేయును. గోడ దాటిన నిప్పుకు ధనిక దరిద్ర భేదము లేదు. ఆ భేదము మంట చల్లారిన పిమ్మట కనబడును.

ఎచ్చటనైన గుడిసెలు కాలినవని తెలిసినచో వర్తక కుటుంబములవారు బియ్యము, దుప్పట్లు, పాత్రలు పంపుట పరిపాటి. ఇది మెచ్చదగినదే. అయినను ఒక ప్రశ్న మిగులును. కాలిన గుడిసెకు ఇచ్చుట దానమైనచో, గుడిసె కాలకుండ ముందుగా ఇచ్చుట ఏమగును? ఈ రెండింటిలో ఏది మేలు?

వర్తకుడు తన విషయమున ఈ ప్రశ్నకు సమాధానము ఎప్పుడో చెప్పుకొన్నాడు. 1985లో సెంట్రల్ స్టేషను చెంతనున్న మూర్ మార్కెట్టు కాలిపోయినది. 2017 మే 31న త్యాగరాయనగరులో ఏడంతస్తుల బట్టల దుకాణము అంటుకొని, మంట ఒక పగలు, ఒక రాత్రి దాటి సాగినది. ఇట్టివి చూచిన వ్యాపారి తన సరుకుకు మంటకు ముందే బీమా కట్టును. ప్రీమియము వ్యర్థమైన యేడు అతడు విచారింపడు. మంచి యేడని సంతోషించును. పేదవాని గుడిసె విషయము వచ్చుసరికి మాత్రము అదే మనుష్యుడు, అదే లెక్క మరచి, మంట తరువాత దుప్పటి పంపును. తన సరుకుకు ఒక గణితము, పరుల ప్రాణమునకు వేరొక గణితమా?

2004 జూలై 16న కుంభకోణము పాఠశాలలో వంటయింటి నిప్పు ఆకుకప్పుకు తగిలి 94 మంది పిల్లలు మరణించిరి. ఆ పిమ్మటనే బడులపై ఆకుకప్పులు తొలగింపుమని ఆజ్ఞలు వెలువడెను. కప్పు మార్చుటకగు వ్యయము దుర్ఘటనకు ముందును అంతే, వెనుకను అంతే. భేదము పిల్లల ప్రాణములలో నున్నది.

ప్రభుత్వములును ఈ పాఠమును ఆలస్యముగనే నేర్చినవి. విపత్తులను ముందుగా తగ్గించుటకు ఒక నిధి యుండవలెనని 2005 నాటి చట్టమే చెప్పినది. జాతీయస్థాయిలో ఆ నిధి 2021లో గాని ఏర్పడలేదు. పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు విపత్తు నిధులలో నూటికి 80 పాళ్లు ప్రతిస్పందనకును, 20 పాళ్లు ముందస్తు నివారణకును కేటాయించినది. ఆ 80లో 10 పాళ్లు సన్నద్ధతకు. అడవుల సంగతియు నిట్టిదే. 2014 మార్చిలో తిరుమల శేషాచల కొండలలో కార్చిచ్చు రేగగా వాయుసేన హెలికాప్టర్లను పిలువవలసి వచ్చెను. వేసవికి ముందు ఎండుటాకులు ఊడ్చి నిప్పుబాటలు తీయు కూలి, కాపలావాని జీతము వీటి ముందు ఏపాటివి?

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. కాలినవాడు కన్నుల యెదుట నిలిచి ఏడ్చుచుండగా, కాలునో కాలదో తెలియనివానికై ధనము దాచుట నిర్దయ కాదా? ఈ మాట తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. ఎదుట నున్న ఆకలికి అన్నము పెట్టి తీరవలెను. అయితే ఎవని గుడిసె కాలునో తెలియకున్నను, ప్రతి వేసవిలో ఎన్నో గుడిసెలు కాలునని తెలియును. తెలిసి యూరకుండుట తెలియకపోవుటతో సమానము కాదు.

జైనులు చెప్పు నాలుగు దానములలో ఆహారము, ఔషధము, శాస్త్రము మూడింటిని చేతితో అందీయవచ్చును. నాలుగవది అభయదానము, భయము కలుగకముందే ఇచ్చినప్పుడే అది పరిపూర్ణము. పదమూడవ శతాబ్దిలో కచ్ఛదేశపు భద్రేశ్వరమున నివసించిన జగడూషా, కరవు రానున్నదని గురువు హెచ్చరింపగా ధాన్యము ముందే కొని నిలువచేసి, అది పేదలదని వ్రాయించి యుంచెనని అతని చరితము చెప్పును. కరవు వచ్చిననాడు కొట్లు తెరచుట ఒక్క దినపు పని. అతని గొప్పతనమంతయు అంతకుముందు, పంటలు బాగుగా నున్న దినములలో జరిగిపోయినది.

దానమునకు ముందు ఋణము కలదు. 2022 మార్చి 23న సికిందరాబాదు బోయిగూడలో ఒక తుక్కు గిడ్డంగి అంటుకొని, అందులో నిద్రించుచున్న 11 మంది బీహారు కూలీలు మరణించిరి. ఏమరుపాటుచే ప్రాణమునకు కలుగు హానియు హింసయే యని ఉమాస్వాతి నిర్ణయము. శ్రావకుడు చేయరాని పదునైదు వృత్తులలో అడవికి నిప్పు పెట్టుట ఒకటి. నిప్పంటుకొను సరుకు నడుమ కూలివానిని పరుండబెట్టి బయటి తలుపు బిగించుట దానికి ఎంత దూరము? తన గిడ్డంగికి రెండవ దారి తీయించుట, పాత కరెంటు తీగెలు మార్పించుట దానఖాతాలో వ్రాయదగినవి కావు. అవి అప్పు తీర్చుట. అప్పు తీర్చిన పిమ్మటనే దానము.

ఇక ఆ దానము ఎవరికి చేరును? 2018 నవంబరులో అమెరికాలోని పారడైజ్ అను ఊరు కార్చిచ్చుకు ఆహుతియై 85 మంది మరణించిరి. 2021లో ఆ దేశము కార్చిచ్చు భయముగల ఊళ్లకు ముందస్తు గ్రాంటుగా ఐదేండ్లకు 100 కోట్ల డాలర్లు కేటాయించినది. పనికగు ఖర్చులో నాలుగవ వంతు ఊరే పెట్టుకొనవలెనని నియమము. పేద ఊళ్లకు దానిని సడలించు వీలును కల్పించిరి. కారణము స్పష్టమే. వాటా ధనము లేనివానికి, అర్జీ వ్రాయు గుమాస్తా లేనివానికి గ్రాంటు గగనకుసుమమే. మిక్కిలి అవసరము గలవాడే అడుగ నేర్వనివాడు. 2023 జూలైలో భారత ప్రభుత్వము అగ్నిమాపక సేవల విస్తరణకు 5,000 కోట్ల రూపాయల పథకము ప్రారంభించినది. రాష్ట్రమునకు చేరిన ధనము ఇరుకు సందు చివరి గుడిసెదాక పోవలెనన్న, అచ్చటి అవసరమును కాగితముపై పెట్టువాడు కావలెను.

వర్తక కుటుంబములకు ధనముకన్న పాతదైన విద్య యొకటి కలదు: చిట్టా, ఆవర్జా. గుడిసెవాసుల తరపున అర్జీ వ్రాయుట, వాటా సొమ్ము సమకూర్చుట, వచ్చిన ప్రతి రూపాయికి లెక్క చూపుట వారికి కొత్త గాదు. నెలకొక సాయంకాలము చాలును.

ఇట్టి దానమునకు ఒక కష్టము గలదు. కాలని ఇంటిముందు ఎవరును శిలాఫలకము నాటరు. రక్షింపబడినవానికి తాను రక్షింపబడితినని తెలియనే తెలియదు. కృతజ్ఞత చెప్పువాడుండడు, పత్రికలో పటముండదు. కీర్తి కోరి ఇచ్చిన దానమున మాలిన్యము గలదని పెద్దలు నమ్మినచో, కీర్తికి తావే లేని ఈ దానమునకు వారు వెనుదీయ పనిలేదు. ఆ రాత్రి గుడిసెలో పిల్లలు ఎప్పటివలెనే నిద్రింతురు. ఖాతాలో దాని జమ అంతే.