చన్నీళ్లకు ఓర్చుకునే ఒళ్లు

నీళ్లలో చలి అందరికీ ఒకేలా తగలదు. గాలికంటే నీరు సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. కదలకుండా ఉన్న మనిషికి హాయినిచ్చేది 33 నుంచి 35 డిగ్రీల నీరు. అందుకే పత్తికొండ ప్రాంతంలో బయట 40 డిగ్రీల ఎండ కాస్తున్నా, దిగుడుబావిలో దూకిన పిల్లలకు కాసేపటికే పెదవులు నల్లబడి పళ్లు కటకటలాడతాయి. బక్కపలచని వాడు ముందుగా గట్టెక్కుతాడు. కాస్త ఒళ్లున్నవాడు ఇంకా ఈదుతూనే ఉంటాడు. చర్మం కింది కొవ్వే ఈ తేడాకు ముఖ్య కారణం.

విశాఖ సముద్రంలో మునిగే స్కూబా డైవర్ల ఒంటి వేడినీ నీరు ఇలాగే లాగేస్తుంది. వాళ్లు తొడుక్కునే నియోప్రీన్ (నురుగు రబ్బరు) సూటులోని గాలి బుడగలు చలిని ఆపుతాయి. లోతుకు పోయేకొద్దీ ఒత్తిడికి అవి నలిగిపోయి రక్షణ తగ్గుతుంది.

ఓర్పు పుట్టుకతోనే వచ్చేది కాదు. కొరియాలోని జెజు దీవిలో హెన్యో స్త్రీలు ఒకప్పుడు నూలు బట్టలతోనే చలికాలపు సముద్రంలో మునిగి నత్తలు, నాచు ఏరేవారు. చలికాలంలో వారి ఒంట్లో వేడి పుట్టడం పెరిగేదని శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. 1970లలో నియోప్రీన్ సూట్లు వచ్చిన కొన్నేళ్లకే ఆ శక్తి పోయింది. ఏళ్ల కష్టం ఇచ్చిన ఓర్పు అంత త్వరగా కరిగిపోవడం ఆశ్చర్యమే.

అయితే ఓర్పును పరీక్షించుకోవడం ప్రమాదం. బాగా చల్లటి నీళ్లలో మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది, తర్వాత వేళ్లు మొద్దుబారతాయి. వణుకు మొదలైతే డైవరు తోటివారికి సైగ చేసి నిదానంగా పైకి రావాలి. బావిలో పిల్లలను పెద్దలే గట్టెక్కించాలి.