పరుల ఇంట బిడ్డయై మెలగుట



పదునైదు, పదునారేండ్ల విద్యార్థులు వినిమయ పథకముల ద్వారా పరదేశమునకేగి, అచ్చటి యొక కుటుంబమున నివసించుచు, అచ్చటి ఉన్నత పాఠశాలలో ఒక విద్యాసంవత్సరము చదివి వచ్చుట నేడు వినుచున్నాము. నిజామాబాదు, బోధను ప్రాంతములకు విదేశయానము క్రొత్త కాదు. గల్ఫు దేశములకు పోయినవారు లేని ఊరు ఇచ్చట అరుదు. కాని అది సంపాదనకై పెద్దలు చేయు ప్రయాణము. ఇందు బిడ్డ పరుల ఇంట బిడ్డయై మెలగవలెను. లింగమును తీసివేయునేమో, తినరానిది తినునేమో, మనవాడు మనవాడుగా తిరిగి రాడేమో యని తల్లులు కలత చెందుచున్నారు. ఆ భయమును తేలికగా త్రోసివేయరాదు.

చిరంజీవులారా! మన దైవము ఒక్క చోట నిలిచిన స్థావరము కాదు. దీక్షనాడు గురువు అరచేత నుంచిన ఇష్టలింగము మీ యెదపై మీతోడనే వచ్చును. లింగాయతుల ఇల్లొక్కటియు లేని మంచు సీమలోనైనను చెంబెడు నీరు, చిటికెడు విభూతి, ఉదయమున కొంత నిశ్శబ్దము ఉన్న పూజ సాగును. విమానాశ్రయపు తనిఖీలో వెండి లింగకాయకు యంత్రము మ్రోగవచ్చును. కంగారుపడక, ఇది మా పూజావస్తువని చెప్పి, వేరుగా పరిశీలింపుడని వినయముతో కోరుడు. శాకాహార నియమమును దరఖాస్తులోనే వ్రాయుడు. వడ్డించిన పిదప ముఖము చిట్లించుటకంటె ముందుగా చెప్పుట మర్యాద.

మీకు ఆశ్రయమిచ్చువారిని గూర్చియు తెలిసికొనుడు. అమెరికాలో ఈ పథకముల క్రింద ఆతిథ్యమిచ్చు కుటుంబములు అందుకై వేతనము పుచ్చుకొనవు. మొదటి ప్రపంచ యుద్ధమున గాయపడిన సైనికులను మోసిన స్వచ్ఛంద సేవకుల సంస్థ ఎ.ఎఫ్.ఎస్.; అదియే 1947 నుండి పాఠశాల విద్యార్థుల వినిమయమును నడుపుచున్నది. ఆ పేరు నెరుగకయే వారు చేయునది దాసోహము. దానికి మీరు చెల్లింపదగినది కాయకము. తిన్న కంచము కడుగుడు, పడక సర్దుకొనుడు, పెరటి పనిలో చేయి వేయుడు. (మన ఇండ్లలో మగపిల్లలకు ఈ అభ్యాసము తక్కువ. ప్రయాణమునకు ఆరు నెలల ముందే తల్లులు ప్రారంభింపవలెను!)

కల్యాణము మనకు దూరము కాదు, పొరుగున నున్న బీదరు జిల్లాలోనిదే. కాశ్మీర రాజ్యమును విడిచి వచ్చిన మోళిగె మారయ్య అచ్చట కట్టెలమ్మి జీవించెననియు, ఆఫ్ఘను సీమనుండి వచ్చిన మరుళ శంకరుడు మహామనెలో చాల కాలము గుర్తింపబడక సేవ చేసెననియు శరణ చరిత్రలు చెప్పును. వారును పరదేశులే. వారి భాష వేరనియో, వేషము వేరనియో కల్యాణము తలుపు మూయలేదు.

ఆడుపిల్లను పంపుటెట్లని అడుగువారు కలరు. అక్క నాగమ్మకు లేని ఉపనయనము తనకేల యని బసవన్న బాల్యముననే ప్రశ్నించి ఇల్లు విడిచెనను కథను ఏటేట వినువారమే ఈ ప్రశ్న వేయుట విచిత్రము. మన జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కినప్పుడు ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆమె చదివినట్టి సాంఘిక సంక్షేమ గురుకులముల బిడ్డలు కొందరు, 2002లో ప్రారంభమైన కెనెడీ-లూగర్ పథకము క్రింద అమెరికా పాఠశాలలకు వెళ్లి వచ్చిరి. కూలివారి బిడ్డలకు సాధ్యమైనది మన బిడ్డలకు కాకుండునా?

తల్లిదండ్రులారా! అమెరికాలో నెలకొకసారియైనను విద్యార్థిని పలుకరించు స్థానిక ప్రతినిధి యుండవలెనను నియమము కలదు. ఆ ప్రతినిధి చిరునామా మీయొద్ద నుంచుకొనుడు. దినదినము ఫోనులో కంట తడిపెట్టకుడు. బిడ్డ మనస్సు అచ్చట కుదురుకొననీయుడు.

ఇంకొక మాట. వినిమయమనగా ఇచ్చిపుచ్చుకొనుట. నిజాంసాగరు నీరు పారిన పిమ్మట కోస్తా జిల్లాల రైతులు వచ్చి చెరకు పండించి ఇచ్చటనే క్యాంపులు కట్టుకొనిరి. వారికి చోటిచ్చిన సీమ ఇది. రేపు జర్మనీ బాలిక యొకతె బోధనులో ఒక సంవత్సరము చదువ వచ్చినచో, ఆమెకు గది యిచ్చు లింగాయతు గృహము ఏది? మఠమున దాసోహపు పంక్తిలో ఆమె మనతో సరసన కూర్చుండునా, వేరుగా కూర్చుండునా? బిడ్డను పంపు ప్రతి ఇంటివారును దీనికి సమాధానము ముందే ఆలోచించుకొనవలసియున్నది.