రెండు మ్యాచ్‌ల జాతకం

మా ఆడపడుచు కొడుకు లెగ్‌స్పిన్నరు. ఈ సీజన్లో ఆడింది రెండే మ్యాచ్‌లు, తీసింది ఒక్క వికెట్టు. "వీడివల్ల కాదులే" అని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. ఆ ఇంటిల్లిపాదిలో నేనూ ఉన్నాననుకోండి.

నిజానికి మూలపాడులో జరిగిన రెండో మ్యాచ్‌కి తోడు వెళ్ళింది నేనే. వాడి బంతికి మూడు క్యాచ్‌లు లేచాయి, మూడూ నేలపాలు. స్కోరు పుస్తకానికి అవన్నీ పట్టవు కదా!

1988లో మద్రాసు టెస్టులో నరేంద్ర హిర్వాణీ ఆడిన మొదటి మ్యాచ్‌లోనే 16 వికెట్లు తీశాడు. దేశమంతా పూనకం! చివరికి 17 టెస్టుల్లో 66 వికెట్లతో సరి. 1992లో సిడ్నీలో షేన్ వార్న్ తొలి టెస్టు. మనవాళ్ళకి 150 పరుగులిచ్చి ఒక్క వికెట్టు తీశాడు. ఆఖరికి అతని లెక్క 708.

అలాగని సెలెక్టర్లని తిట్టలేను. ఉన్న చోట్లు కొన్నే, అడిగేవాళ్ళు వందలు. అందరికీ అయిదేళ్ళు గడువిమ్మంటే కుదురుతుందా? అంచనా తప్పడం పెద్ద నేరమూ కాదు. నాకు గుచ్చుకునేది వేరే. పనికిరాడనుకున్నాక వాడికి బంతే ఇవ్వరు. బంతి లేందే వికెట్టెలా పడుతుంది? అప్పుడేమో "చూశారా, మేం చెప్పలా!" అంటాం.

మా కోడలు కాపురానికొచ్చిన నెలలో పెట్టిన నిమ్మకాయ పచ్చడి బూజు పట్టింది. ఆ తర్వాత నాలుగేళ్ళు తనని ఆవకాయ జాడీ ముట్టుకోనివ్వలేదు నేను. కిందటి వేసవిలో నా చెయ్యి విరిగితే తప్పక తనే కలిపింది. కారం కాస్త ఎక్కువైంది గానీ, జాడీ దసరాకే ఖాళీ.