చూడటం, చూసుకోవడం

“నీ పక్కన దిగుతున్న విమానం కనబడుతోందా?” అని కంట్రోలర్ అడుగుతాడు. “కనబడుతోంది” అంటాడు పైలట్. “అయితే దాన్ని చూసుకుంటూ ఎడంగా ఉండు” అంటాడు కంట్రోలర్. పైలట్ సరేనంటాడు. అంతే. అప్పటిదాకా ఆ రెండు విమానాలు గుద్దుకోకుండా కాపాడే పని రాడార్ ముందు కూర్చున్న మనిషిది. ఆ క్షణం నుంచి పైలట్ కళ్ళది.

ఇంత పెద్ద పూచీ ఇంత చిన్న మాటతో ఎందుకు చేతులు మారాలి? శాన్‌ఫ్రాన్సిస్కో చూస్తే తెలుస్తుంది. అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు రన్‌వేల మధ్యగీతలకి దూరం 750 అడుగులే. బే ఏరియాలో ఉన్న మన స్నేహితులు కిటికీలోంచి తీసి పంపిన వీడియోల్లో, జోడెద్దుల్లా ఇంకో విమానం పక్కనే దిగుతుండేది. పరికరాల మీద ఆధారపడి రెంటినీ అంత దగ్గరగా దించనివ్వరు. 2026 దాకా సాగిన ఈ జంట దిగుడు పైలట్లు ఒకరినొకరు చూసుకోగలిగితేనే జరిగేది. మబ్బు బాగా కిందికి దిగిన రోజున గంటకి దిగే విమానాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయేది. అంటే ఆ విమానాశ్రయం రద్దీ అప్పట్లో నడిచింది కాంక్రీటు మీదే కాదు, “కనబడుతోంది” అన్న మాట మీద కూడా.

తెలుగులో చూడటానికీ చూసుకోవడానికీ మధ్య ఒక్క చిన్న ప్రత్యయమే తేడా. “నేను చూసుకుంటాలే” అంటే కళ్ళతో పనిలేదు, భారం నాది అని. పైలట్ కూడా చూశానని చెప్పి, చూసుకుంటానని మాటిస్తున్నాడు.

మాది యలమంచిలి. మద్రాసు–కలకత్తా హైవే నాలుగు లైన్లు కాకముందు, ముందుపోతున్న లారీ డ్రైవరు కుడిచెయ్యి బయటపెట్టి ఊపితే వెనక బస్సు దాటిపోయేది. ఎదురుగా ఏమొస్తోందో చూసింది లారీ డ్రైవరు. తేడా వస్తే పోయేది బస్సులోవాళ్ళ ప్రాణాలు. చూపు ఒకరిది, పూచీ ఇంకొకరిది. దీంతో పోలిస్తే విమానాల పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. ఎవరు చూశారో వాళ్ళదే బాధ్యత.

కానీ చూపు ఎంతవరకు నమ్మకం? 2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో దిగబోతున్న విమానాన్ని సైనిక హెలికాప్టర్ ఢీకొట్టి 67 మంది చనిపోయారు. అక్కడ జంట రన్‌వేల సంగతి లేదు గానీ నియమం ఇదే. విమానం కనబడుతోందనీ, ఎడం తామే చూసుకుంటామనీ హెలికాప్టర్‌లోవాళ్ళు చెప్పారు. వాళ్ళు అబద్ధమాడారని ఎవరూ అనరు. ఊరి దీపాలు, వరసలో వస్తున్న విమానాల దీపాలు కలగలిసే చీకట్లో, నేను చూస్తున్న దీపమే నువ్వు చెప్పిన దీపమని రుజువేంటి?

ఇప్పుడు కాదన్నవాళ్ళ సంగతి. 2023 అక్టోబరులో మ్యూనిక్ నుంచి వచ్చిన లుఫ్తాన్సా విమానం రాత్రివేళ శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. రాత్రిపూట కంటిచూపు మీద ఎడం పాటించడానికి మా కంపెనీ ఒప్పుకోదు, పరికరాల మీద దిగనివ్వండి అన్నాడు పైలట్. వరసలో ఖాళీ దొరకలేదు. చాలాసేపు గాల్లో తిప్పారు. ఇంధనం మాట వచ్చింది. చివరికి నీటికి అవతలి గట్టునున్న ఓక్లాండ్‌లో దిగారు.

ఆ సంభాషణ రికార్డింగ్ విన్నవాళ్ళు రెండు వర్గాలయ్యారు. నాకు కంట్రోలర్ మీద కోపం రాదు. ఆయన ఒక్క విమానం కోసం ఎడం పెంచితే వెనకున్నవాళ్ళందరూ ఆలస్యమవుతారు. అందరూ పూచీ పడితేనే నడిచే చోట ఒకడు పడనంటే, వాడి జాగ్రత్త ఖర్చు మిగతావాళ్ళు మొయ్యాలా? ఇది గట్టి ప్రశ్నే.

అయినా నేను పైలట్ వైపే. కాదనే వీలున్నచోటే ఔనన్న మాటకి విలువ. కాదంటే ఓక్లాండ్ పోవాల్సొస్తుందని తెలిశాక, పదకొండు గంటలు ఎగిరి అలసిన ఇంకో పైలట్ “కనబడుతోంది” అంటే, అందులో ఎంత కళ్ళు చెప్పింది, ఎంత భయం చెప్పింది? అతనికీ తెలియకపోవచ్చు. లుఫ్తాన్సా నియమం చేసిన మేలు ఇక్కడుంది. కాదనే ధైర్యాన్ని ఒక మనిషి మీద వదిలెయ్యకుండా ముందే కాగితం మీద రాసిపెట్టింది.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ప్రాణాలు పోవు, కానీ ఈ బేరం నాకు తెలుసు. రిలీజ్ ముందురోజు రాత్రి కోడ్ రివ్యూకి వస్తుంది. “చూశావా?” అంటారు. అడిగేది చూశానా అని కాదు, అప్రూవ్ నొక్కానా అని. రేపు ఏదైనా పగిలితే అక్కడ నా పేరుంటుంది. చూడటానికి టైమివ్వకుండా చూసినవాడి పూచీ మాత్రం తీసుకుంటారు.

మాటిచ్చినవాడి నిజాయితీని నిలదియ్యడం తేలిక. అడిగినవాళ్ళని కూడా ఒకటడగాలి: అతను “చూసుకోలేను” అని ఉంటే మీరేం చేసేవారు?